చెక్కని ఆకుపచ్చ పెన్సిలు

“మీ ఆయన ఆవలిస్తే నోట్లో ఏం రంగు కనిపించేదమ్మా?”

పళ్ళ క్లినిక్ వరండాలో బెంచీ మీద కూర్చుని డిటెక్టివ్ ఈ ప్రశ్న వేసేసరికి మధ్యాహ్నం ఒకటీ నలభై. పక్కనున్నావిడ ఆయన వంక తెల్లబోయి చూసింది. భర్త చనిపోయాడని పోలీసులు ఆవిడకు చెప్పి ఆరు రోజులైంది. చంపింది నీ తమ్ముడేనని చెప్పి మూడు రోజులైంది. సాయంత్రం నాలుగింటికి ఆ తమ్ముణ్ణి కోర్టులో నిలబెడతారు. ఏడిస్తే ఎవరి కోసం ఏడవాలో కూడా తెలియని స్థితి ఆవిడది.

అలాంటి మనిషిని ఆవలింతల గురించి అడగడం బాగుండదని ఆయనకూ తెలుసు. కానీ అడగాల్సిన మాట ఒక్కటే ఆయన వాయిదా వెయ్యడు. మిగతావన్నీ వేస్తాడు. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన్ని నత్త అనే పిలిచేవారు. రిటైరై సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాక ఆ పేరు కూడా గుల్లలా వీపు మీదే వచ్చేసింది. కుడి దవడలో ఒక పన్ను రెండేళ్ళుగా సలుపుతున్నా, పళ్ళ డాక్టరు గుమ్మం తొక్కడం ఆయనకు ఇదే మొదటిసారి. అదీ ఇంకొకరి పళ్ళ కోసం.

“రంగేముందండీ, పంటి రంగే,” అందావిడ చివరికి. “నాలుగేళ్ళ కిందట మూడు పళ్ళు పుచ్చిపోతే ఇక్కడే పూడ్పించుకున్నారు. ముందు రానని మొండికేస్తే నేనే లాక్కొచ్చాను.”

“ఈ మాట పోలీసులకు చెప్పారా?”

“పళ్ళు పూడ్పించుకున్నాడా అని అడిగారు. అవునన్నాను. రాసుకున్నారు.”

రంగు మాత్రం ఎవరూ అడగలేదు. డిటెక్టివ్ జేబులోంచి శవపరీక్ష రిపోర్టు నకలు తీసి, ఉదయం నుంచి నాలుగోసారి అదే వాక్యం చదువుకున్నాడు. కింద కుడివైపు రెండు దవడ పళ్ళు, పైన ఎడమవైపు ఒకటి, లోహంతో పూడ్చి ఉన్నాయి.

కేసు చూడ్డానికి చిన్నదే. ఆవిడ భర్త పాత కాగితాలకు కంప్యూటరు నకళ్ళు తీసిపెట్టే పని చేసేవాడు. ఆ పని కోసం ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. బుధవారం మధ్యాహ్నం ఒకటీ యాభైకి బావమరిది ఆ షెడ్డులోంచి అరుచుకుంటూ బయటికి రావడం పక్క వర్క్‌షాపువాళ్ళు చూశారు. రెండూ ఇరవైకి పొగ లేచింది. మంట ఆరేసరికి కాగితాల బూడిదలో ఒక శవం మిగిలింది. మొహం గుర్తుపట్టడానికి వీల్లేదు కాబట్టి పళ్ళే దిక్కయ్యాయి. ఈ క్లినిక్ కార్డు మీద సరిగ్గా అవే మూడు పళ్ళకు నల్ల గుర్తులున్నాయి. దాంతో ఇన్‌స్పెక్టరు మూడో రోజుకే కేసు తేల్చేశాడు.

తమ్ముడు తన వాంగ్మూలంలో ఒక మాట చెప్పాడు. బావ తను నకళ్ళు తీసిన క్లినిక్కుల్లోని రోగుల వివరాలు బయటివాళ్ళకు అమ్ముకుంటున్నాడట. అది తెలిసి అంతకు ముందువారమే నిలదీశాడట. వారంలోగా మానకపోతే పోలీసులకు చెప్తానన్నాడట. ఇరుక్కున్నవాడు ఏదో ఒకటి అల్లుతాడులే అని ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని అడుగున పెట్టేశాడు.

“ఎందుకండీ రంగు అడిగారు?” అందావిడ.

ఆయనకు ఒక జవాబు తోచింది. కానీ తోచిన ప్రతిదీ చెప్పేస్తే ఆ తరువాత వెనక్కి తీసుకోవడం కుదరదు. భర్త బతికి ఉండొచ్చు అన్న ఆశ పెట్టి, గంట తరువాత అది కాదనాల్సి వస్తే ఆవిడ తట్టుకోలేదు. అది నిజమైతే ఇంకా తట్టుకోలేదేమోనన్న అనుమానం కూడా ఆయన్ను పీకుతూనే ఉంది. ఇంకా నాకే తెలీదమ్మా అని లేచాడు.

లోపలి గదిలో డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. నలభై ఐదేళ్ళుంటాయి. తండ్రి పెట్టిన క్లినిక్కే ఆవిడ నడుపుతోంది. ఆవిడ వెనక, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో, చేతులకు తొడుగులతో నిలబడ్డావిడ పెద్దక్క. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే పనిచేస్తోంది. డాక్టరమ్మ జడలేసుకుని బడికి వెళ్ళే రోజుల నుంచీ ఉంది కాబట్టి డాక్టరమ్మకూ పెద్దక్కే, వచ్చే రోగులకూ పెద్దక్కే. డిటెక్టివ్ దవడ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ తీరు చూసి, “ఎన్నాళ్ళయింది బాబూ నొప్పి మొదలై?” అని ఆవిడే మొదటి ప్రశ్న అడిగింది. ప్రశ్నలు వేసేది తానని చెప్పుకోవడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది.

పళ్ళు పూడ్చడానికి లోహం వాడతారా అని అడిగితే డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. వాళ్ళ నాన్నగారి కాలంలో వాడేవారు. వెండి కలిసిన పొడిలో పాదరసం పోసి, అరచేతిలో ముద్ద చేసి పంట్లో కూరేవారు. తరువాత గొట్టాల్లో నింపినవి వచ్చాయి. ఆరేళ్ళ కిందట ఆవిడ ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది.

“లోహంతో పూడ్చింది బాగానే నిలుస్తుందండీ. ఉన్నవాళ్ళు కంగారుపడి పీకించుకోవాల్సిన పనేం లేదు. పగిలితేనో, పక్కన పుచ్చితేనో మారుస్తాం. నా బాధల్లా ఈ గది గురించే. రోజూ ఆ పాదరసం ఆవిరి పీల్చేది మేము. తెల్లారితే కాలవలోకి పోయేది దాని మిగులు. ఎందుకొచ్చిన తంటా అనుకున్నాను.”

ఇప్పుడు ఏం వాడతారో ఒక్కొక్కటీ చూపించింది. పంటి రంగు ముద్ద ఒకటి, పొరలు పొరలుగా పెట్టి నీలి కాంతి పడితే రాయిలా గట్టిపడేది. గాజుపొడి సిమెంటు ఒకటి, చిన్నపిల్లలకూ, చిగురు దగ్గర పుచ్చినవాళ్ళకూ. పన్ను మరీ పాడైతే పింగాణీ ముక్క. డిటెక్టివ్ అన్నీ విన్నాడు గానీ చూపు మాత్రం బల్ల చివరనున్న చిన్న మిషను మీద నిలిచింది. గొట్టాన్ని బిగించి గడగడా ఊపే మిషను అది.

“ఇది పాదరసం కలిపేది కాదా?”

“ఒకప్పుడు అదే. గాజు సిమెంటు గొట్టాన్నీ ఇలాగే ఊపాలి. మిషను బాగానే ఉంది కదా, పారెయ్యడమెందుకు?”

ఆవిడ మాట నమ్మబుద్ధి అవుతోంది. నమ్మబుద్ధి అయినప్పుడే ఇంకోసారి చూడాలన్నది ఆయన అలవాటు. బీరువాలన్నీ తెరిపించాడు. పాదరసం గొట్టం ఒక్కటీ లేదు. మిగిలిన సరుకంతా మూతబిగించి అప్పగించినట్టు, వచ్చి తీసుకువెళ్ళినవాళ్ళ సంతకంతో ఆరేళ్ళనాటి రసీదు గోడకు చట్రంలో వేలాడుతోంది. జనం డిగ్రీలు తగిలించుకునే చోట ఆవిడ దాన్ని తగిలించుకుంది.

తరువాత ఆవిడ ఒక పొడవాటి పట్టీ తీసుకొచ్చింది. దానికి బొటనవేలి గోరంత పళ్ళు పదహారు వరసగా గుచ్చి ఉన్నాయి. పాలతెలుపు నుంచి ముదురు పసుపు దాకా ఒక్కోటి ఒక్కో ఛాయ. రోగి పంటికి ఏది సరిపోతుందో చూసి ఆ రంగు ముద్ద పెడతారట. ఆనాడు మీ ఆయనకు ఏది కుదిరిందో గుర్తుందా అని డిటెక్టివ్ గుమ్మంలో నిలబడ్డావిడను పిలిచి అడిగాడు. ఆవిడ తడుముకోలేదు. వరసలో పదకొండో పన్ను మీద వేలు పెట్టింది.

“ఇది. టీ తాగీ తాగీ మీ పళ్ళు ఈ రంగుకొచ్చాయి, మరీ తెల్లది పెడితే అతుకేసినట్టు ఉంటుందని నేనే దీన్ని చూపించాను. నవ్వారు.”

ఆ మాట అని పట్టీ మీంచి వేలు తీసేసింది. డాక్టరమ్మ ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

రెండూ పదికి జీపు ఆగిన చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. ఒకప్పుడు డిటెక్టివ్ కింద పని నేర్చుకున్నవాడే. గురువు దగ్గర అన్నీ నేర్చుకున్నాడు, నిదానం తప్ప. కోర్టులో చూపించడానికి అసలు కార్డు కావాలని పెద్దక్కతో చెప్పి, అప్పుడు చూశాడు డిటెక్టివ్‌ను.

“గురువుగారు కూడా ఉన్నారే. పన్ను చూపించుకోవడానికా?”

“నీకు చూపిద్దామని,” అన్నాడు డిటెక్టివ్. “ఈ క్లినిక్‌లో ఆరేళ్ళుగా లోహం వాడట్లేదు. మనవాడు పళ్ళు పూడ్పించుకుని నాలుగేళ్ళు. శవం నోట్లో లోహం ఎక్కడిది?”

ఇన్‌స్పెక్టరు తొణకలేదు. పెద్దక్క చేతిలోంచి కార్డు తీసుకుని బల్ల మీద పరిచాడు. పైనా కిందా వరసగా ముప్ఫైరెండు గళ్ళు. వాటిలో మూడు గళ్ళు పెన్సిలుతో నల్లగా నింపి ఉన్నాయి.

“నలుపంటే లోహం. ఇంకే డాక్టర్నైనా అడగండి, ఇదే చెప్తారు. ఇక్కడ కార్డులో నలుపు, అక్కడ శవం నోట్లో లోహం. మీరేమో నిందితుడి అక్క నోటిమాట పట్టుకుని నన్ను ఆగమంటున్నారు. తమ్ముడి కోసం అక్క ఏ రంగైనా చెప్తుంది. ఈవిడేమో మానేశానంటున్నారు, ఆ కలిపే మిషను ఇంకా ప్లగ్గులోనే ఉంది. ఆలస్యం అమృతం విషం సార్. నాలుగింటికి నాకు కోర్టు.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో వాదించి లాభం లేదు. పైగా ఈసారి వాడి వాదనలో బలం ఉంది. కార్డు మీద నలుపు ఉన్నమాట నిజం. డాక్టరమ్మ కళ్ళు ఆ కార్డు మీద తేదీ వెతుకుతున్నాయి. వరండా అవతల రెండు వీధుల దూరంలో ఒక కుర్రాడు లాకప్పులో కూర్చుని నాలుగు గంటల కోసం ఎదురు చూస్తున్నాడు. డిటెక్టివ్ కార్డును కాదు, ఆ గళ్ళు నింపిన మనిషిని చూశాడు. పెద్దక్క మొహం పాలిపోయి ఉంది.

“కార్డులు రాసేది మీరేనా పెద్దక్కా?”

“నేనే.”

“దేనితో రాస్తారు?”

ఆవిడ సొరుగు లాగింది. నల్ల పెన్సిళ్ళు నాలుగైదున్నాయి. చెక్కీ చెక్కీ ఒకటి చిటికెన వేలంత మిగిలింది. వాటి అడుగున, సొరుగు మూలలో, ఒక ఆకుపచ్చ పెన్సిలు నిండు పొడవుతో ఉంది. డిటెక్టివ్ దాన్ని తీసి చూశాడు. రెండు కొసలూ చదునుగా ఉన్నాయి. కొన్న నాటి నుంచి దానికి బ్లేడు తగల్లేదు.

“ఇది నేనిచ్చింది,” అంది డాక్టరమ్మ మెల్లగా. “పాదరసం మానేసిన రోజు. ఇకనుంచి ఈ తెల్లవాటికి, అంటే పంటి రంగువాటికి, ఆకుపచ్చ పెట్టు పెద్దక్కా అని...”

పెద్దక్క కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడిచింది. తప్పు చేసినట్టు కాదు, ఇన్నాళ్ళకు ఎవరో అడిగారన్నట్టు చెప్పుకొచ్చింది. పెద్ద డాక్టరుగారు ఆవిడకు మొదటి రోజు నేర్పింది ఒకటే మాట. గుంట ఉంటే గడి ఖాళీగా వదులు, పూడితే నల్లగా నింపు. ఏం పెట్టి పూడ్చారన్నది ఆవిడకు ఎప్పుడూ ముఖ్యం కాలేదు. పన్ను బతికిందా లేదా అన్నదే ముఖ్యం. ఆకుపచ్చ పెన్సిలు రేపు చెక్కుదాం, రేపు చెక్కుదాం అనుకుంది. ఆరేళ్ళయింది. ఈ గదిలో ఉన్నవాళ్ళకు ఇబ్బంది రాలేదు, ఎందుకంటే తేదీ చూస్తే తెలిసిపోతుంది. ఆరేళ్ళకు ముందు నలుపైతే లోహం, తరువాత నలుపైతే తెల్లది.

“బయటివాళ్ళు చదువుతారని నేననుకోలేదు బాబూ.”

డిటెక్టివ్‌కు ఆవిడ మీద కోపం రాలేదు. వాయిదా వెయ్యడం ఎలా ఉంటుందో ఆయన దవడకు బాగా తెలుసు. ఆయన కార్డును ఇన్‌స్పెక్టరు వైపు తిప్పి తేదీ మీద వేలు పెట్టాడు. నాలుగేళ్ళ కిందటిది. దాని ముందూ వెనకా పది కార్డులు తీయించి చూపించాడు. తెల్లవి పెట్టించుకున్న పిల్లల కార్డుల్లోనూ అదే నలుపు.

ఇన్‌స్పెక్టరు చాలాసేపు కార్డులు తిరగేశాడు. గొంతు తగ్గింది గానీ పట్టు పోలేదు.

“సరే, లోహం కాదనుకుందాం. మరి అవే మూడు పళ్ళు ఎలా కుదిరాయి? ఎవరో దారినపోయే దానయ్య వచ్చి ఆ షెడ్డులో కాలిపోతే, వాడికీ సరిగ్గా అవే మూడు ఉంటాయా?”

“మంచి ప్రశ్న వేశావు. కాకతాళీయంగా కుదరవు. ఎవరైనా ఏరి తెస్తేనే కుదురుతాయి. ఏరాలంటే కార్డులన్నీ చూసి ఉండాలి.” డిటెక్టివ్ పెద్దక్క వైపు తిరిగాడు. “ఈ కార్డులకు కంప్యూటరు నకళ్ళు తీసిందెవరు?”

చెప్పనవసరం లేకపోయింది. పెద్దక్క కుర్చీలో కూర్చున్నావిడ వైపు చూసింది. మూడు నెలల కిందట కంప్యూటరాయన, అంటే ఈ అమ్మాయి భర్తే, పదిరోజులు ఇక్కడే కూర్చుని ప్రతి కార్డూ ఎక్కించాడు. ఎనిమిది రోజుల కిందట, అడక్కుండానే, కంప్యూటరు ఎలా ఉందో చూస్తానని వచ్చి అరగంట కూర్చుని వెళ్ళాడు. అగ్నిప్రమాదానికి రెండు రోజుల ముందన్నమాట.

డాక్టరమ్మ అప్పటికే కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ మూడు పళ్ళే పూడ్చినవాళ్ళు, మగవాళ్ళు, నలభై దాటినవాళ్ళు అని వెతికింది. రెండే కార్డులు వచ్చాయి. ఒకటి ఆవిడ భర్తది. రెండోది పదకొండేళ్ళనాటిది. అందులోనూ అవే మూడు గళ్ళు నలుపు. ఈ నలుపు మాత్రం నిజంగా లోహమే.

“ఈయనా?” అంది పెద్దక్క తెరలోకి వంగి. “పాత పుస్తకాలు కుట్టి అట్టలేసే ఆయన. ఒంటరి మనిషి. పాత లోహం పగిలిందని నిన్న ఉదయం పదింటికి రమ్మన్నాం, తెల్లది పెడదామని. రాలేదు.”

పుస్తకాలు కుట్టే మనిషిని పాత కాగితాల షెడ్డుకు పనుందని పిలిస్తే రాకుండా ఉంటాడా? ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. కుర్చీలో ఉన్నావిడ మాత్రం లేచి నిలబడింది. ఆవిడకు అర్థమైపోయిందని డిటెక్టివ్‌కు తెలిసింది. ఇంక దాచడం దయ కాదని, ఉన్నదున్నట్టు చెప్పాడు.

“పోలీసులకు చిక్కకుండా తాను చచ్చినట్టు చూపించాలనుకున్న మీ ఆయనకు ఆ రెండు కార్డులూ ఒకేలా కనిపించాయమ్మా. తన నోట్లో ఉన్నది తెల్లదని ఆయనకు తెలుసు. నలుపు గుర్తున్న రెండోవాడికీ తెల్లదే ఉంటుందనుకున్నాడు. ఈ ఇన్‌స్పెక్టరు నలుపంటే లోహం అనుకున్నాడు. ఆయన తప్పుగా చదివాడు, వీడూ తప్పుగా చదివాడు. ఒకడి తప్పును ఇంకొకడి తప్పు కప్పేసింది. మధ్యలో మీ తమ్ముడు దొరికాడు.”

“కాదండీ,” అందావిడ. “ఆయన అలాంటివారు కాదు.”

ఇన్‌స్పెక్టరు కూడా అదే అన్నాడు, ఇంకో రకంగా. ఇదంతా ఊహ. అపాయింట్‌మెంటుకు రానివాళ్ళందరూ చచ్చిపోయినట్టు కాదు. డిటెక్టివ్ ఒప్పుకున్నాడు. రానివాళ్ళకు మీరేం చేస్తారని పెద్దక్కను అడిగాడు.

“ఫోన్ చేస్తాం. నిన్నా చేశాను. ఎత్తి, ఊళ్ళో లేనన్నాడు. గొంతు కాస్త రొంపగా ఉంది. పాపం ఒంట్లో బాగాలేదేమో అనుకున్నా.”

ఎత్తింది ఆయనేనా, ఆయన ఫోన్ దగ్గర పెట్టుకున్న ఇంకొకడా? ఇన్‌స్పెక్టరు చేతిలోని కార్డును బల్ల మీద పెట్టేశాడు. గోడ గడియారంలో రెండూ యాభై ఐదు. స్టేషనుకు ఫోన్ చేసి ఆ నంబరు ఎక్కడుందో కనుక్కోమని చెప్పి, ఎంతసేపు పడుతుందని అడిగాడు. రెండు నిమిషాలైనా మాట్లాడించాలని అవతలినుంచి జవాబు.

“ఇంకోసారి చెయ్యండి పెద్దక్కా,” అన్నాడు డిటెక్టివ్. “రోజూ ఎలా చేస్తారో అలాగే. ఇంకే తేదీ కావాలో అడగండి. తొందరపడకండి.” భర్తను కోల్పోయానని ఆరు రోజులుగా ఏడుస్తున్నావిడ వైపు తిరిగి, మీరు వరండాలో కూర్చోండమ్మా అన్నాడు. ఆవిడ కదల్లేదు.

పెద్దక్క ఫోన్‌ను బల్ల మీదే ఉంచి, తొడుగు వేసుకున్న వేలితో స్పీకరు నొక్కింది. రోజంతా చేతులకు తొడుగులుంటాయి కాబట్టి ఆవిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం ఎప్పుడో మానేసింది. నాలుగుసార్లు మోగింది. ఐదోసారి ఎత్తారు.

“హలో.” గొంతు బొంగురుగా, గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు ఉంది.

“పళ్ళ క్లినిక్ నుంచి బాబూ. నిన్న రాలేదు కదా, మళ్ళీ ఎప్పుడు రాయమంటారు?”

“వచ్చే నెల చూద్దామండీ. ఇప్పుడు నొప్పి లేదు.”

“నొప్పి లేకపోయినా పగిలింది ఉంచుకోకూడదు. పదో తారీఖు ఖాళీ ఉంది, పదిహేను కూడా ఉంది...”

పెద్దక్క నిజంగానే తొందరపడలేదు. పుస్తకం తిప్పుతూ పేజీల చప్పుడు వినిపించింది. ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకుంటూ ఒక వేలు ఎత్తి చూపించాడు. నిమిషం. అవతలి మనిషి పదిహేనుకు రాసెయ్యండి అన్నాడు. ఆ గొంతు ఎవరిదైనా కావచ్చు. రొంప పట్టిన ఏ మగమనిషిదైనా కావచ్చు. కోర్టులో నిలిచే గొంతు కాదని డిటెక్టివ్‌కు తెలుసు. ఇంకో మాటంటే ఫోన్ పెట్టేస్తాడనీ తెలుసు.

అప్పుడు ఆవిడ బల్ల దగ్గరికి వచ్చింది. ఎవరూ ఆపలేకపోయారు. ఆవిడ గట్టిగా పిలవలేదు, ఏడవలేదు. వంటింట్లోంచి ముందుగదిలోకి పిలిచినట్టు, పద్నాలుగేళ్ళుగా రోజుకు పదిసార్లు పిలిచినట్టే పిలిచింది.

“ఏమండీ.”

అవతలి నుంచి జవాబు వెంటనే వచ్చింది. బొంగురు లేదు, గుడ్డ లేదు. ఆలోచించుకునే వ్యవధి కూడా లేదు.

“ఆఁ, చెప్పు.”